రూలు మార్చి ఆడించండి: చట్టం న్యాయంగా ఎందుకుండాలో ఆటలతో చెప్పే పద్ధతి

డ్వాక్రా మీటింగులోనో హైస్కూల్లోనో చట్టాల గురించి ఓ గంట మాట్లాడమని మిమ్మల్ని పిలిచారనుకోండి. రాజ్యాంగంలో ఆర్టికల్ 14 అంటే ఇది, ఆర్టికల్ 21 అంటే అది అని చార్టు తగిలించి మొదలుపెడితే, పది నిమిషాలకి వెనక వరస ఫోన్లు తీస్తుంది, ముందు వరస మొహమాటానికి తలూపుతుంది, చివర్లో చప్పట్లు కొట్టి టీ తాగి వెళ్లిపోతారు. అలా కాకుండా నాలుగు గవ్వలు పడేసి అష్టా చెమ్మా మొదలెట్టి, ఆట మంచి ఊపులో ఉండగా ఒక్క జట్టుకి మాత్రం రూలు మార్చి చూడండి. "అదేటండి, అలగెలగవుద్ది?" అని ఎవరో ఒకరు లేస్తారు. అలా లేచిన మనిషికి సమానత్వం గురించి వివరించక్కర్లేదు, అడుగుతున్నదాని పేరు ఆర్టికల్ 14 అని చెప్తే సరిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి యాప్‌లు, ప్రొజెక్టర్లు ఏమీ అక్కర్లేదు, ఊళ్లో అందరికీ వచ్చిన ఆటలే చాలు. గవ్వలు, చింతపిక్కలు, సుద్దముక్కలు, రెండు చార్టులు, స్కెచ్ పెన్నులు, చీటీలకి కాస్త కాగితం. ఇరవై మందిదాకా అయితే గంటన్నరలో రెండు ఆటలు బాగా జరుగుతాయి. కింద చెప్పిన నాలుగు ఆటలూ ఒకే రోజు ఆడించెయ్యాలని చూడకండి, ఆట తర్వాత మాట్లాడటానికి టైం మిగలదు.

మొదలుపెట్టేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే నడుస్తుంది. అన్యాయమైన రూలు వల్ల ఓడినవాడికి కోపం వస్తుంది, అందులో వింతేమీ లేదు. మీరు కనిపెట్టాల్సింది గెలుస్తున్నవాళ్లని. వాళ్లకి కాసేపటికి ఆ రూలు కనపడటం మానేస్తుంది, తాము బాగా ఆడుతున్నామనే అనుకుంటారు. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో ఉన్నప్పుడు సైకాలజిస్టు పాల్ పిఫ్ మోనోపలీ ఆటతో సరిగ్గా ఇదే చూశాడు: ఒకరికి రెట్టింపు డబ్బులిచ్చి రెండు పాచికలు వెయ్యనిచ్చారు, రెండోవారికి ఒక్కటే పాచిక. ఎవరు ఏ పక్కో నాణెం ఎగరేసి, వాళ్ల కళ్లముందే తేల్చారు. అయినా ఆట అయ్యాక ఎలా గెలిచావని అడిగితే, డబ్బున్న పక్క కూర్చున్నవాళ్లు తామేం కొన్నారో, ఏ ఎత్తు వేశారో చెప్పుకొచ్చారు తప్ప నాణెం సంగతి ఎత్తలేదు. అందుకని ఏ ఆట ఆడించినా, అదే మనిషిని ఆ రోజే రెండు పక్కలా కూర్చోబెట్టాలి. ఒక పక్క మాత్రమే కూర్చుని ఇంటికెళ్తే ఓడినవాళ్లకి మీ మీద కోపం, గెలిచినవాళ్లకి ఒక సరదా సాయంత్రం, అంతే మిగులుతాయి.

అష్టా చెమ్మా, నాలుగు చీటీలు

గచ్చు మీద అయిదు గళ్లు బై అయిదు గళ్లు పటం గీయండి. ఒక్కో రంగుకి ముగ్గురేసి కూర్చుంటే పన్నెండు మంది, మిగతావాళ్లు చుట్టూ చేరతారు, వాళ్ల సలహాలు ఎలాగూ ఆగవు. రూలు చెప్పే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని ఊరికే 'పెద్ద' అనండి. సర్పంచ్ అనో తాసిల్దార్ అనో పేరు పెడితే ఆట కాస్తా ఊరి రాజకీయంలోకి దిగిపోతుంది. పెద్ద చేతికి మీరు ముందే రాసిన నాలుగు చీటీలు ఇవ్వండి.

పది నిమిషాలు మామూలుగా ఆడనివ్వండి, కాయలు నాలుగు పండేదాకా. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. తర్వాత మొదటి చీటీ చదివించండి: ఎర్ర కాయలవాళ్లకి ఇకనుంచి అష్టా పడినా చెమ్మా పడినా ఇంకో పందెం లేదు. ఎందుకని అడిగితే పెద్ద చెప్పాల్సింది ఒకటే మాట, "రూలు." ఇంకో అయిదు నిమిషాలకి రెండో చీటీ: ఇందాక మూలగడిలో ఆగిన పచ్చ కాయలన్నీ మొదటికి పోవాలి, మూలగడిలో ఆగడం తప్పు. ఆగినప్పుడు తప్పు కాదు, ఇప్పుడు తప్పయింది, అదీ ఇందాకటి నుంచి. మూడో చీటీ పెద్ద పైకి చదవకూడదు, మనసులో పెట్టుకోవాలి: వరసగా రెండుసార్లు 'రెండు' పడితే ఒక కాయ తీసెయ్యాలి. ఎవరికో అలా పడుతుంది, కాయ తీసేస్తాడు, అప్పుడు మాత్రమే రూలు చూపిస్తాడు. నాలుగో చీటీతో పెద్ద వెళ్లి నీలం జట్టులో కూర్చుంటాడు, ఆటా ఆడతాడు, తగువులూ తనే తీరుస్తాడు.

నాలుగో చీటీ దగ్గర చెవులు రిక్కించండి. గవ్వ ఒకటి పటం గీత మీద ఒరిగి నిలబడుతుంది, బోర్లానా వెల్లకిలా అని గొడవ వస్తుంది, నీలం జట్టు పెద్ద తన జట్టుకే చెప్తాడు, ఎర్ర కాయలవాళ్లు గవ్వలు తోసేస్తారు. అప్పుడు నీలం జట్టులోంచి ఎవరో అంటారు, "రూలు రూలే కదా, మేవు రాసేవేటి? బాగా ఆడితే మీరూ గెలుద్దురు." సరిగ్గా అక్కడ ఆట ఆపండి. ఆ మాటని చార్టు మీద అన్నది అన్నట్టు రాయండి, అన్న మనిషి పేరు లేకుండా. తర్వాత జట్లు మార్చి, నీలంవాళ్లని ఎర్ర పక్కన కూర్చోబెట్టి, అవే చీటీలతో మళ్లీ పది నిమిషాలు ఆడించండి. చార్టు మీద రాసిన మాట ఈసారి ఎవరు అంటారో చూడండి. ఇందాక ఒళ్లు మండిపోయినవాళ్లలోంచే ఒకరు అంటారు, అన్నాక నవ్వేస్తారు. ఆ నవ్వు వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు చట్టం చెప్పండి, తక్కువ మాటల్లో. మొదటి చీటీ ఆర్టికల్ 14కి అడ్డం: కారణం లేకుండా ఒకరిని వేరుగా చూడకూడదు. రెండోది ఆర్టికల్ 20 మొదటి భాగం: పని చేసిన రోజున నేరం కానిదానికి తర్వాత వచ్చిన చట్టంతో శిక్ష వెయ్యకూడదు. మూడోదానికి మంచి కేసు ఒకటుంది. పాత జైపూర్ సంస్థానంలో నల్లమందు మీద ఒక చట్టం చేసుకుని ఎక్కడా ప్రకటించలేదు, తర్వాత ఆ చట్టం కింద ఒకతనికి శిక్ష పడింది. 1951లో హర్లా కేసులో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, జనానికి తెలియజెయ్యని చట్టం చట్టం కిందికి రాదని. నాలుగోది మన ఊళ్లలో ఎవరినడిగినా చెప్తారు, తన తగువుకి తానే తీర్పరి కాకూడదని.

టౌనులో పిల్లలకైతే బిజినెస్ ఆట ఎక్కువ అలవాటు, దానితోనూ ఇదే చెయ్యొచ్చు. ఆ ఆటకి మూలమైన పటాన్ని ఎలిజబెత్ మ్యాగీ అనే అమెరికన్ మహిళ 1904లో పేటెంట్ చేయించింది. తర్వాత ఆమె దానికి రెండు రకాల రూల్స్ పెట్టింది: ఒకదానిలో భూమంతా ఒకరి చేతికి పోతుంది, రెండోదానిలో రాబడి అందరికీ చేరుతుంది. పటం ఒకటే, రూల్స్ వేరు, అంతే తేడా.

పులీ మేకా: అందరికీ ఒకటే రూలైతే న్యాయమేనా?

పైన ఆట అయ్యాక అందరూ తేల్చేది ఒకటే, రూలు అందరికీ ఒకేలా ఉండాలని. నిజమే, కానీ సగమే నిజం, దాన్ని అలా వదిలేస్తే రేపు ఎవరైనా "రిజర్వేషన్లు అన్యాయం కాదా, ఆర్టికల్ 14 ఉంది కదా" అంటే జవాబు ఉండదు. అందుకే రెండో ఆటగా పులీ మేకా పెట్టండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకి అవతల ఖాళీలో పడితే మేక పోతుంది, మేకలు అన్ని దారులూ మూస్తే పులి ఓడిపోతుంది. ఒకసారి మామూలుగా ఆడించండి.

ఆ తర్వాత సీరియస్‌గా చెప్పండి, "పులులు మూడే ఉన్నాయి, మేకలు పదిహేనా? ఇదన్యాయం. సమానం చేద్దాం, మేకలూ మూడే." రెండు నిమిషాల్లో ఆట అయిపోతుంది. మేకల పక్క ఉన్న గుంటడు బిక్కమొహం వేస్తాడు. పక్కలు మార్చి మళ్లీ ఆడించి, అప్పుడు అడగండి, ఈ రెండింట్లో ఏది న్యాయమైన ఆట అని. దూకే బలం ఒక పక్కే ఉన్నప్పుడు రెండో పక్కకి ఎక్కువ మంది కావాలి, అప్పుడే అది ఆట అవుతుంది, లేకపోతే వేట.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు, అంటే 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన ఏజెన్సీ వైపు, ఈ ఆట తర్వాత వన్ ఆఫ్ సెవెంటీ అనే భూమి చట్టం గురించి మాట్లాడటం చాలా తేలిక. 1959 నాటి భూబదిలీ నిబంధనని 1970లో సవరించి, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనులకో వాళ్ల సహకార సంఘాలకో తప్ప మరెవరికీ బదిలీ కాకూడదన్నారు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. మైదానం నుంచి వచ్చినవాళ్లకి ఇది పక్షపాతంలా కనిపిస్తుంది, సవరలు, జాతాపులు అయితే అప్పు కింద పొలం ఎలా పోయిందో తాతల కథ చెప్తారు. రెండు రకాలవాళ్లూ ఒకే గదిలో ఉంటే మీరు తీర్పు చెప్పకండి. పటం మీద మూడు మేకల ఆట ఎంతసేపు నిలిచిందో గుర్తుచేసి ఊరుకోండి.

చెరువు నీళ్లు: నాకు బాగా నచ్చిన ఆట

ఇందులో ఆడటం తక్కువ, రాయడం ఎక్కువ. ఒక ఊరు, ఒక చెరువు, ఈ ఏడు నీళ్లు సగమే. ఆరు చీటీలు: తూము పక్క రైతు, శివారు రైతు, నోటిమాట మీద కౌలు చేసుకుంటున్నవాడు, నాలుగు గేదెలున్న ఇల్లు, చెరువులో చేపల పాట పాడుకున్నవాడు, భూమి లేని కూలి మనిషి. జనం ఎక్కువుంటే ఒక్కో చీటీకి ముగ్గురు.

మొదటిసారి చీటీలు పంచేసి, ఎవరెవరో తెలిశాక, నీళ్లకి మూడు రూల్స్ రాసుకోమనండి. అరుపులు కేకలు అవుతాయి, కానివ్వండి. చివరికి చార్టు మీదకి వచ్చేవి దాదాపు ఇలా ఉంటాయి: తూము దగ్గర పొలాలు తడిశాకే కిందకి వదలాలి, పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాళ్లకే మాట, పాట పాడుకున్నవాడు తన సంగతి తను చూసుకోవాలి. గట్టిగా మాట్లాడినవాళ్ల రూల్స్ ఇవి. శివారు అన్నమాట వంశధార కాలువ కింద ఊళ్లలో అంటే చాలు, గొట్టా బ్యారేజీ నిండినా తమదాకా నీళ్లు రాని ఏళ్లు ఎవరికి వాళ్లకి గుర్తొస్తాయి.

రెండోసారి చీటీలన్నీ డబ్బాలో పడేసి మూత పెట్టండి. ముందు రూల్స్ రాయాలి, తర్వాతే చీటీ తియ్యాలి, తీశాక రూలు మార్చకూడదు. గది ఒక్కసారి నెమ్మదిస్తుంది. తనకి శివారు చీటీ వస్తే ఏంటి గతి అని ప్రతివాళ్లూ లెక్క వేసుకుంటారు. వంతులు వస్తాయి, ఒక వారం పైనుంచి, ఒక వారం శివారు నుంచి మొదలుపెట్టాలని వస్తుంది, గేదెలు తాగడానికి ఇన్ని అడుగులు నీళ్లు వదిలెయ్యాలని వస్తుంది, కౌలుకి చేసేవాడు కూడా మీటింగులో కూర్చోవాలని వస్తుంది. ఇవన్నీ మీరు చెప్పినవి కావు, డబ్బా మూత చెప్పించినవి. జాన్ రాల్స్ అనే తత్వవేత్త 1971లో తన పుస్తకంలో రాసింది ఇదే ఆలోచన, సమాజంలో తన చోటేదో తెలియని మనిషి ఎలాంటి రూల్స్ ఒప్పుకుంటాడో అవే న్యాయమైనవని. ఆ పేరు డిగ్రీ పిల్లలకి చెప్పండి, మిగతాచోట్ల అక్కర్లేదు.

రెండు చార్టులూ పక్కపక్కన అతికించి, మీరు నోరు మెదపకుండా ఓ రెండు నిమిషాలు ఉండండి. ఆ తర్వాత, ఆసక్తి ఉన్న గుంపైతే, అసలు చట్టాన్ని దీని పక్కన పెట్టొచ్చు. 1997లో మన రాష్ట్రంలో నీటి సంఘాల చట్టం వచ్చింది. అందులో భూమి యజమానితోపాటు రికార్డుల్లో కౌలుదారుగా పేరున్నవాళ్లూ లెక్కలోకి వస్తారు. మరి నోటిమాట కౌలు? "ఆడి పేరు రికార్డులోకి ఎలగొస్తాది, రైతు ఒప్పుకోవాలి కదా" అని ఎవరో అంటారు. అక్కడినుంచి చర్చ మీరు ఆపినా ఆగదు.

పళ్లెంలో చేపలు

సముద్రం ఒడ్డు ఊళ్లలో, భావనపాడు, బారువ, కళింగపట్నం, ఇటు పూసపాటిరేగ మండలం చింతపల్లి, ఎక్కడైనా పనికొస్తుంది. పళ్లెంలో ఇరవై చింతపిక్కలు, నాలుగు పడవలు. ప్రతి రౌండులో ఎన్ని పట్టుకుంటారో ఎవరికీ చూపించకుండా చీటీ మీద రాస్తారు, ఒకేసారి తీసుకుంటారు. మిగిలినవి రెట్టింపవుతాయి, కానీ పళ్లెంలో ఇరవైకి మించి పట్టవు. తలో రెండు తీస్తే పన్నెండు మిగిలి మళ్లీ ఇరవై నిండుతుంది, ఎన్ని రౌండ్లయినా సాగుతుంది. మొదటిసారి మాటలు లేకుండా ఆడమంటే మాత్రం తలో అయిదు తీసేస్తారు, ఒక్క రౌండులో పళ్లెం ఖాళీ.

రెండోసారి రూలు రాసే పని ఒక్క పెద్ద బోటుకే ఇవ్వండి. "చిన్న పడవలు ఒకటికి మించి తియ్యకూడదు" అంటారు. పళ్లెం ఖాళీ కాదు, కానీ చిన్న పడవలవాళ్లు దొంగతనంగా తీయడం మొదలుపెడతారు, దాన్ని తప్పని ఎవరూ అనుకోరు. మనుషులు చెడ్డవాళ్లయి ఇలా చెయ్యరని, తమ మాట లేకుండా వచ్చిన రూలుని ఎవరూ మనసులో ఒప్పుకోరని అప్పుడు చెప్తే వింటారు. నౌపడ ఉప్పు మడుల వైపు వాళ్లకి ఉప్పు చట్టం గుర్తుచెయ్యండి: ఇంటిముందు సముద్రం ఉన్నా సొంతంగా ఉప్పు తీస్తే నేరం, అందుకే 1930 ఏప్రిల్ 6న గాంధీ దండిలో పిడికెడు ఉప్పు తీస్తే దేశమంతా కదిలింది.

మూడోసారి నాలుగు పడవలూ కూర్చుని రాసుకోవాలి, దొంగిలిస్తే జరిమానాతో సహా. మొదట అందరూ భయంకరమైన శిక్షలు రాస్తారు, "పడవే లాక్కోవాలి" అని. తర్వాతి రౌండులో ఎవరో తమ పడవవాడే పొరపాటున లెక్క తప్పితే శిక్ష ఒక్కసారిగా తగ్గిపోతుంది. తగ్గించనివ్వండి, ఎందుకు తగ్గించారో మాత్రం అడగండి.

ఇక వేట నిషేధం సంగతి ఎలాగూ వస్తుంది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, ఇంజిన్ పడవలు వేటకి వెళ్లకూడదు, మోటారు లేని తెప్పలకి ఇది వర్తించదు. ఆ 61 రోజులకీ ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో అది 20,000 రూపాయలు. తెప్పకి మినహాయింపు ఎందుకు, భృతి జాబితాలో ఎవరు ఉన్నారు, ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్లకి ఆ రెండు నెలలు ఏంటి దారి, ఈ మూడు ప్రశ్నలకే ఓ అరగంట వదిలెయ్యండి.

ఆడించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు

అన్యాయం జరిగే పక్క ఎవరు కూర్చోవాలో ఎప్పుడూ చీటీ తీసే తేల్చండి, మీ చేత్తో పంపకండి. ఊళ్లో ఇప్పటికే చిన్నచూపు చూసే ఇంటి మనిషిని ఎర్ర కాయల పక్క మీరే కూర్చోబెడితే అది ఆట కాదు, ఉన్నదాన్నే నలుగురి ముందు మళ్లీ చేసినట్టు. చీటీలో అలాగే పడితే, వాళ్లతో ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు ఇద్దర్ని కలిపి కూర్చోబెట్టండి. ఊరి పెద్దమనిషి వచ్చి "నేనే రూలు చెప్తాను" అంటే నవ్వుతూ ఎర్ర కాయల దగ్గర చాప చూపించండి, ఆయన అరగంట అక్కడ కూర్చుంటే మీ ఉపన్యాసం కంటే ఎక్కువ పని జరుగుతుంది.

ఊళ్లో నిజంగా నడుస్తున్న గట్టు తగువు, కోర్టులో ఉన్న కేసు ఆటలోకి రానివ్వకండి. పార్టీల పేర్లు వచ్చాయంటే టీ పెట్టించండి. రూల్స్ మీరే కావాలని అలా రాశారని అందరూ లేచేలోపు తప్పకుండా చెప్పెయ్యండి, ముఖ్యంగా చిన్నపిల్లలకి, లేకపోతే ఇంటికెళ్లి ఏడుస్తారు.

ఆట తర్వాత "ఏం నేర్చుకున్నారు?" అని అడగొద్దు. బడి గుర్తొచ్చి అందరూ మంచిమాటలు వల్లిస్తారు. ఒళ్లు ఎప్పుడు మండింది, ఆ రూలు ఎవరికి లాభం, అప్పుడే ఎందుకు అడగలేదు అని అడగండి. మూడో ప్రశ్నకి జవాబు రావడానికి టైం పడుతుంది, తొందరపడి మీరు అందించకండి.

ఊడ్పుల రోజుల్లో, ఉద్దానంలో జీడిపిక్కల కాలంలో పెట్టుకుంటే ఎవరూ రారు. విజయనగరంలో సిరిమాను జాతర వారం సంగతి చెప్పక్కర్లేదు.

ఆట అయ్యాక ఒకరిద్దరు ఆగిపోతారు, తమ సొంత గొడవ చెప్పుకోవడానికి. మీరు లాయర్ కాకపోతే సలహా ఇవ్వకండి, 15100కి ఫోన్ చెయ్యమనండి, అది న్యాయ సేవల ఉచిత నంబరు. 1987 చట్టం కింద ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. జిల్లా కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, కింది కోర్టుల దగ్గర మండల న్యాయ సేవా కమిటీలు ఉంటాయి. తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు, రాయడం రానివాళ్లు నోటితో చెప్తే అక్కడే రాసుకుంటారు.